కోళ్లకు విటమిన్లు, రోగనిరోధక శక్తి: రైతులు తరచుగా అడిగే ప్రశ్నలు

గోదావరి జిల్లాల్లో కోళ్ల షెడ్ల మధ్య పశువైద్యుడిగా తిరిగిన ఇన్నేళ్లలో నేను ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఒకటే: “డాక్టరు గారూ, ఏ టానిక్ పోయమంటారు?” ఆ ప్రశ్నకు సూటిగా ఒక సీసా పేరు చెప్పడం నాకు ఎప్పుడూ చేత కాలేదు. దాణా చూడాలి, నీళ్లు చూడాలి, కోడి వయసు చూడాలి. ఫోన్లో నిలబెట్టి చెప్పలేని ఆ సంగతులన్నీ ఇక్కడ రాస్తున్నాను. గుడ్లకు పెంచే లేయర్, మాంసానికి పెంచే బ్రాయిలర్ కోళ్ల రైతులతో పాటు పెరట్లో నాలుగు నాటుకోళ్లు పెంచుకునేవారు అడిగే ప్రశ్నలూ ఇందులో ఉన్నాయి.

విటమిన్లు పోస్తే కోళ్లకు రోగనిరోధక శక్తి పెరుగుతుందా?

లోపం ఉన్న కోడికి పెరుగుతుంది. లోపం లేని కోడిలో మీరు చూడగలిగేంత తేడా రాదు. ఎండిన మడికి తడి పెడితే పైరు లేస్తుంది; నిండుగా నీళ్లున్న మడికి మళ్లీ నీళ్లు వదిలితే దిగుబడి రెట్టింపు కాదు కదా, అలాగే ఇదీ. అందుకే నేను ముందు అడిగేది “లోపం ఎక్కడ నుంచి వచ్చి ఉంటుంది?” అని. దాణాలోనే తక్కువైందా, దాణాలో ఉన్నా నిల్వలో పాడైందా, కోడి తిన్నా పేగు పీల్చుకోలేకపోతోందా, లేక ఎండ దెబ్బకు అసలు తినడమే మానేసిందా? ఈ నాలుగింటిలో ఏదో తేలితే సగం వైద్యం అయిపోయినట్టే.

అన్ని విటమిన్లూ రోగనిరోధక శక్తికి అవసరమేనా? ఏది ముఖ్యం?

అన్నీ కావాలి. అయితే షెడ్డులో దెబ్బ ఎక్కువగా కనిపించేది ఎ, ఇ, డి3 విషయంలో.

విటమిన్ ఎ నుంచి మొదలుపెడతాను, ఎందుకంటే దీన్ని రైతులు కంటికి సంబంధించిన విటమిన్‌గానే చూస్తారు. కోడి కళ్లు, ముక్కు, గొంతు, ఊపిరి గొట్టం, పేగు – వీటన్నిటి లోపలి పొరను తడిగా, జిగురుగా ఉంచేది ఇదే. ఆ జిగురులోనే క్రిములు చిక్కుకుంటాయి. విటమిన్ ఎ తగ్గితే జిగురు చేసే కణాలు ఎండి గట్టిపడి, గోరు లాంటి పదార్థంగా మారిపోతాయి. ఇక లోపలికి రావాలనుకున్న క్రిమికి అడ్డు ఉండదు. చనిపోయిన కోడి గొంతు, అన్నవాహిక చీల్చి చూస్తే సగ్గుబియ్యం గింజల్లా తెల్లటి పొక్కులు కనిపిస్తాయి. కనురెప్పల కింద జున్ను లాంటి తెల్లటి ముద్ద పేరుకుంటుంది. దీన్ని చూసి కొరైజా (ముక్కు కారి, ముఖం వాచే అంటుజబ్బు) అనుకుని వారం పది రోజులు యాంటీబయాటిక్ పోసేవాళ్లున్నారు. ఓసారి సంక్రాంతి ముందు పందెం పుంజుల ఇంట్లో ఇదే చూశాను. బాదం, ఖర్జూరం, మటన్ కీమా పెడుతున్నారు. పచ్చటి ఆకు మాత్రం నెలల తరబడి ముక్కు దగ్గరికి పోలేదు, గింజేమో తెల్ల జొన్న. ఎంతో ప్రేమగా పెంచిన కోళ్లు, కళ్లు మూసుకుపోయి నిలబడ్డాయి. విటమిన్ ఎ ఇచ్చి, రోజూ తోటకూర వేయించాక కోలుకున్నాయి.

విటమిన్ ఇ పని వేరు. క్రిమిని చంపడానికి తెల్లకణాలు ఘాటైన ఆక్సిజన్ పదార్థాలను తయారు చేసి వదులుతాయి. ఆ ఘాటు తమ సొంత పొరలనూ కాలుస్తుంది, ఎందుకంటే ఆ పొరల్లో కొవ్వు ఉంటుంది. ఆ కొవ్వును కాపాడేది విటమిన్ ఇ. సెలీనియం దానికి తోడు. రెండూ కలిసే పనిచేస్తాయి, అందుకే సీసాల మీద రెండు పేర్లూ పక్కపక్కనే కనిపిస్తాయి.

డి3 ఎముకకు, గుడ్డు పెంకుకు అవసరమని అందరికీ తెలుసు. క్రిములను మింగేసే తెల్లకణాలు కూడా విటమిన్ డి చెప్పినట్టు నడుచుకుంటాయన్న సంగతే తక్కువమందికి తెలుసు. మొక్కల నుంచి వచ్చే డి2 కోడికి పెద్దగా ఉపయోగపడదు. కాబట్టి ప్యాకెట్టు మీద “డి” అని మాత్రమే కాకుండా “డి3” అని ఉందో లేదో చూసుకోండి.

మరి బి విటమిన్లు?

జబ్బు సోకినప్పుడు తెల్లకణాలు గంటల వ్యవధిలో వేగంగా రెట్టింపవ్వాలి. అలా విభజన చెందే ప్రతి కణానికీ ఫోలిక్ ఆమ్లం, బి6, బి12, పాంటోథెనిక్ ఆమ్లం కావాలి. ఫోలిక్ ఆమ్లం పేరు వచ్చినప్పుడల్లా నాకు మన భీమవరం గుర్తొస్తుంది. 1895లో అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందమే 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఈ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. అప్పట్లో దానికి ఉన్న పేర్లలో ఒకటి “విటమిన్ బిసి”. ఆ చివరి “సి” చిక్ అన్న మాటకు, అంటే కోడిపిల్లకు గుర్తు. కోడిపిల్లల్లో రక్తహీనతను తగ్గించే పదార్థం కోసం వెతుకుతూ పట్టుకున్న విటమిన్ అది. ఇవాళ అదే జిల్లాలో లక్షల కోళ్లు పెరుగుతున్నాయి.

కంపెనీ దాణాలో విటమిన్లు ఉంటాయి కదా, మళ్లీ విడిగా ఎందుకు?

మంచి కంపెనీ దాణా తాజాగా వాడుతుంటే, కోళ్లు హుషారుగా ఉంటే, విడిగా అవసరం లేదు. నెలకో టానిక్ అలవాటుగా పోయడం డబ్బు నీళ్లలో పోసినట్టే.

లెక్క కూడా చెబుతాను. 1994లో అమెరికా జాతీయ పరిశోధనా మండలి ఇచ్చిన పట్టిక ప్రకారం బ్రాయిలర్ దాణా కిలోకు విటమిన్ ఎ 1500 యూనిట్లు, డి3 200 యూనిట్లు, ఇ 10 యూనిట్లు చాలు. అది లోపం రాకుండా ఆపే కనిష్ఠం. ఆరోగ్యమైన కోడి, శుభ్రమైన షెడ్డు, తాజా దాణా ఉన్నప్పటి మాట. మన ఎండలకు, రవాణాకు, నిల్వకు పోయేది పోగా మిగలాలని ప్రీమిక్సుల్లో (దాణాలో కలిపే విటమిన్ల పొడుల్లో) ఎ 8,000 నుంచి 12,000 యూనిట్ల దాకా వేస్తారు. అంటే మార్జిన్ ముందే కలిపి ఉంటుంది.

ఆ మార్జిన్ కరిగిపోయేది మన చేతుల్లోనే. రేకుల షెడ్డు కింద మే నెలలో దాణా బస్తాలు పేర్చి పెడితే విటమిన్లు రోజురోజుకూ తగ్గిపోతాయి. సొంతంగా దాణా ఆడించుకునేవారికి మరో జాగ్రత్త: విటమిన్ ప్రీమిక్స్‌ను, ఖనిజ మిశ్రమాన్ని, కోలిన్ క్లోరైడ్‌ను ఒకే డబ్బాలో ముందే కలిపి ఉంచకండి. రాగి, ఇనుము, కోలిన్‌లోని తేమ కలిసి విటమిన్లను తినేస్తాయి. వేటి సంచి వాటికి ఉంచి, ఆడించే రోజే కలపండి.

మొక్కజొన్న ధర పెరిగింది. నూకలు, జొన్నలు పెడుతున్నాను. ఫర్వాలేదా?

శక్తి విషయంలో ఫర్వాలేదు. పసుపు మొక్కజొన్నలో ఉండే కెరోటిన్‌ను కోడి విటమిన్ ఎ గా మార్చుకుంటుంది. నూకల్లో, తెల్ల జొన్నల్లో అది ఉన్నా లేనట్టే. కాబట్టి గింజ మార్చిన రోజే ప్రీమిక్స్ మోతాదు సరిగా ఉందో లేదో చూసుకోవాలి.

పాలిష్ బియ్యంతో ఇంకో కథ ఉంది. 1890లలో జావాలో ఐక్‌మన్ అనే డచ్ వైద్యుడు పాలిష్ బియ్యం తిన్న కోళ్లకు కాళ్లు పడిపోవడం గమనించాడు. తవుడు తీయని బియ్యం పెడితే అవి కోలుకున్నాయి. తవుడులో ఉన్నది విటమిన్ బి1 అని తర్వాత తేలింది. ఆయనకు 1929లో నోబెల్ బహుమతి వచ్చింది. విటమిన్ల శాస్త్రం మొదలైంది కోళ్ల గూట్లో, అదీ బియ్యం గింజ దగ్గరే.

అయితే తవుడు ఎక్కువ పెడితే సరిపోతుందా?

పచ్చి తవుడు మిల్లు నుంచి వచ్చిన రెండు మూడు రోజుల్లోనే కక్కు వాసన కొట్టడం మొదలవుతుంది. అందులోని నూనె విరిగిపోతుంది, ఆ విరిగిన నూనె దాణాలో ఉన్న విటమిన్ ఇ ని, ఎ ని నాశనం చేస్తుంది. అంటే చెడిన తవుడు తనలో విటమిన్ లేకుండా పోవడమే కాక, మీరు డబ్బు పెట్టి కలిపిన విటమిన్లనూ పాడు చేస్తుంది. నూనె తీసిన తవుడుకు ఈ వాసన బెడద తక్కువ. కానీ నూనెతో పాటు అందులో కరిగే విటమిన్లూ వెళ్లిపోయి ఉంటాయి. రెండింటిలో ఏది వాడినా ఆ లోటు ప్రీమిక్స్‌తోనే పూడ్చాలి. పాత వంటనూనె, వాసన వచ్చిన చేపల పొడి విషయంలోనూ ఇంతే. చేత్తో పట్టుకుని వాసన చూడండి. మీ ముక్కుకు నచ్చనిది కోడి పేగుకూ మంచిది కాదు.

బూజు పట్టిన మొక్కజొన్నను ఎండబెట్టి, విటమిన్ కలిపి వాడొచ్చా?

వద్దండి. ఈ ఒక్క విషయంలో నేను ఎవరినైనా బతిమాలడానికి వెనకాడను. ఎండబెడితే బూజు పెరగడం ఆగుతుంది, కానీ అది వదిలిన అఫ్లాటాక్సిన్ విషం పోదు. మామూలు వేడికి అది తగ్గదు. 1960లో ఇంగ్లండులో బూజు పట్టిన వేరుశనగ చెక్క తిని లక్ష టర్కీ కోళ్లు చనిపోయినప్పుడే ప్రపంచం ఈ విషాన్ని గుర్తించింది.

ఈ విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. పిత్తం తగ్గితే కొవ్వు అరగదు, కొవ్వుతో పాటు పీల్చుకోవాల్సిన ఎ, డి, ఇ, కె విటమిన్లు రెట్టలో పోతాయి. అదే సమయంలో రోగనిరోధక అవయవాలు కుంచించుకుపోతాయి. టీకాలన్నీ వేళకు వేశానని, అయినా కొక్కెర తెగులు (రాణిఖేత్ జబ్బు) వచ్చిందని బాధపడే రైతు గోదాములో మొదట వెతకాల్సింది బూజు గింజనే. తడి 13, 14 శాతం దాటిన మొక్కజొన్న కొనకండి. అనుమానం ఉంటే దాణా నమూనా పరీక్షకు పంపండి. టాక్సిన్ బైండర్ (విషాన్ని పట్టి ఉంచే పొడి) కొంత ఆదుకుంటుంది, చెడిన గింజను మంచిది చేయదు.

టీకా వేసే రోజు విటమిన్లు ఇవ్వాలా?

టీకాకు ఒక రోజు ముందు, టీకా రోజున, ఆ మర్నాడు ఎ, డి3, ఇ, సి ఉన్న మందు ఇవ్వడం చాలామందికి అలవాటు. కోళ్లను పట్టి, తిప్పి, సూది వేసే ఒత్తిడి ఉన్నప్పుడు ఇది సబబే. విటమిన్ ఇ సరిపడా ఉన్న కోళ్లలో టీకాకు యాంటీబాడీలు బాగా వస్తాయని ప్రయోగాల్లో కనిపించింది. మోతాదు విపరీతంగా పెంచితే ఫలితం ఇంకా పెరగదు.

నీళ్లలో వేసే లసోటా (కొక్కెర తెగులు టీకా), గంబోరో టీకాల విషయంలో మాత్రం ఆ టీకా నీళ్లలో విటమిన్ కలపొద్దు. క్లోరిన్ లేని చల్లటి నీళ్లు, లీటరుకు రెండున్నర గ్రాముల వెన్నతీసిన పాలపొడి, టీకా – ఇవే ఉండాలి. విటమిన్ మందుల్లో ఉండే ఇతర పదార్థాలు టీకాలోని బతికున్న వైరస్‌ను దెబ్బతీయొచ్చు.

టీకా వేశాం, విటమిన్ పోశాం. అయినా జబ్బు వచ్చింది. ఎందుకు?

టీకా చల్లదనం మధ్యలో పోవడం, తల్లి నుంచి పిల్లకు వచ్చిన యాంటీబాడీలు ఇంకా బలంగా ఉండగానే టీకా వేయడం, అఫ్లాటాక్సిన్, ఇవన్నీ కారణాలే. నేను ప్రత్యేకంగా చెప్పాలనుకునేది గంబోరో గురించి.

కోడి మలద్వారం పైన లోపల బర్సా అనే చిన్న సంచి ఉంటుంది. యాంటీబాడీలు తయారు చేసే కణాలు తయారై బయటికి వచ్చేది అక్కడ నుంచే. మనుషుల డాక్టర్లు కూడా చెప్పే “బి కణాలు” అన్న పేరులో ఆ “బి” ఈ బర్సా నుంచి వచ్చిందే. గంబోరో వైరస్ మూడు నుంచి ఆరు వారాల పిల్లల్లో సరిగ్గా ఈ సంచినే నాశనం చేస్తుంది. ఆ తర్వాత ఏ టీకా వేసినా పిల్ల సరిగా స్పందించదు. పోయిన బర్సాను తిరిగి తెచ్చే విటమిన్ లేదు. అందుకే గంబోరో టీకా వేళ తప్పకూడదు, పాత లిట్టర్ (షెడ్డులో పరిచిన ఊక) మీద కొత్త బ్యాచ్ వేయకూడదు.

ఎండాకాలంలో విటమిన్ సి నిజంగా పనిచేస్తుందా?

పనిచేస్తుంది. మనకు విటమిన్ సి తిండి ద్వారానే రావాలి. కోడి తన మూత్రపిండాల్లో తానే తయారు చేసుకుంటుంది. మామూలు రోజుల్లో అది చాలు. ఉష్ణోగ్రత 40 దాటి, కోళ్లు నోరు తెరిచి రొప్పుతుంటే ఆ తయారీ అవసరానికి చాలదు. ఒత్తిడి హార్మోను పెరిగి రోగనిరోధక అవయవాలైన బర్సా, థైమస్, ప్లీహం కుంచించుకుపోతాయి. ఎండ తగ్గిన వారం, పది రోజులకు జబ్బులు రావడానికి ఇదో కారణం.

పైగా 110 గ్రాముల దాణా తినే పెట్ట ఎండకు 85 గ్రాములకు పడిపోతే, మిగతా విటమిన్లూ ఆ మేరకే అందుతాయి. దాణా కిలోకు 200 నుంచి 250 మి.గ్రా. విటమిన్ సి కలపడం వాడుకలో ఉంది. నీళ్లలో అయితే తెల్లవారుజామున, చల్లగా ఉన్నప్పుడు, అప్పటికప్పుడు కలిపి ఇవ్వండి. క్షారం ఎక్కువున్న బోరు నీటిలో, ఇనుప ట్యాంకులో, క్లోరిన్ వేసిన నీటిలో అది నిలవదు. ట్యాంకు మీద నీడ వేయకుండా, పైకప్పు మీద గడ్డి పరచకుండా, నీటి తుంపర చల్లే ఫాగర్లు తిప్పకుండా సి పొడి మీదే భారం వేస్తే వడదెబ్బ ఆగదు.

కాక్సీ (పేగులో పరాన్నజీవి జబ్బు, కాక్సిడియోసిస్) వచ్చింది, రెట్టలో రక్తం పడుతోంది. విటమిన్లు కలిపి ఇస్తున్నాను. సరేనా?

ఏ మందు వాడుతున్నారో చూడండి. ఆంప్రోలియం వాడుతుంటే బి కాంప్లెక్స్ వెంటనే ఆపండి. ఆ మందు విటమిన్ బి1 రూపంలో ఉండి, కాక్సీ పరాన్నజీవికి బి1 అందకుండా చేసి దాన్ని చంపుతుంది. మీరు ఓ చేత్తో ఆంప్రోలియం, మరో చేత్తో బి1 పోస్తే మందు పని చెడుతుంది. ఈ పొరపాటు నేను లెక్కలేనన్ని షెడ్లలో చూశాను, చదువుకున్న రైతుల దగ్గర కూడా.

ఆ రోజుల్లో ఇవ్వాల్సినవి విటమిన్ కె, ఎ. రక్తం గడ్డకట్టడానికి కె కావాలి. సల్ఫా మందులు వాడుతున్నప్పుడు అది మరీ అవసరం. చిట్లిన పేగు పొర మళ్లీ కట్టుకోవడానికి ఎ కావాలి. బి కాంప్లెక్స్ కోర్సు అయ్యాక మొదలుపెట్టండి. కాక్సీ తగ్గినా పేగు కొన్నాళ్లు సరిగా పీల్చుకోదు. కాళ్ల పసుపు రంగు పాలిపోవడం అందుకే.

పిల్లలకు కాళ్ల వేళ్లు లోపలికి ముడుచుకుపోతున్నాయి. మెడ వెనక్కి వాలుతోంది. ఇది విటమిన్ లోపమేనా?

రెండు వారాల లోపు పిల్ల మోకాళ్ల మీద కూర్చుని, వేళ్లు పిడికిలిలా ముడిస్తే బి2 లోపం. మొదటి రెండు మూడు రోజుల్లో బి2 ఇస్తే లేస్తుంది. నరం దెబ్బతిన్నాక ఇవ్వడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. కాస్త పెద్ద కోడి ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కి చాచి పడి ఉంటే అది మారెక్ అనే వైరస్ జబ్బు కావొచ్చు, దానికి విటమిన్ పనికిరాదు.

తల వెనక్కి వాల్చి ఆకాశం చూస్తుంటే బి1 లోపం. రెండు నుంచి నాలుగు వారాల పిల్లల్లో తూలిపడటం, తల వంకర పోవడం విటమిన్ ఇ లోపంలోనూ ఉంటుంది. మెడ వంకరతో పాటు గురక, ఆకుపచ్చ రెట్ట, వరుసగా చావులు ఉంటే కొక్కెర తెగులు అనుకుని డాక్టర్‌ను పిలవండి. టానిక్‌తో రెండు రోజులు ఆగి చూద్దామనుకోకండి.

పెరటి కోళ్లకు ఏం పెట్టాలి?

రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ నుంచి వచ్చిన వనరాజా, గ్రామప్రియ పిల్లలైనా, మన నాటు పిల్లలైనా, పగలు తిరగనిస్తే ఎండతో డి3 అవే తయారు చేసుకుంటాయి. పురుగూ పుట్రా, గడ్డి తింటాయి. తోటకూర, మునగాకు, అవిశ ఆకు సన్నగా తరిగి వేస్తే విటమిన్ ఎ కు కెరోటిన్ దొరుకుతుంది. మునగాకును నీడలో ఆరబెట్టండి, ఎండలో పెడితే కెరోటిన్ పోతుంది. నీళ్లలో పెరిగే అజొల్లా మొక్క కూడా మంచిదే. వీటికి విటమిన్ సీసా కంటే ముందు కావాల్సింది కొక్కెర తెగులు టీకా. ఊళ్లలో నాటుకోళ్లను ఊడ్చేసేది ఆ జబ్బే.

పిల్లలు దిగిన మొదటి వారం ఏం చేయాలి?

పిల్ల తన కడుపులోని పచ్చసొనతో కొన్ని విటమిన్లు, తల్లి యాంటీబాడీలు తెచ్చుకుంటుంది. ఆ పచ్చసొన అయిదారు రోజుల్లో అయిపోతుంది. తల్లి కోడి దాణా బాగుంటేనే ఆ నిల్వ బాగుంటుంది, అందుకే మంచి హేచరీ పిల్లనే తెచ్చుకోండి. ప్రయాణం చేసి వచ్చినవాటికి మూడు రోజులు విటమిన్లు, ఎలక్ట్రోలైట్లు ఇవ్వడం మంచిదే. పిల్లలకు వేడినిచ్చే బ్రూడర్ వేడి చాలక గుంపుగా ముడుచుకున్న పిల్ల నీళ్లూ తాగదు, అందులోని విటమిన్‌ కూడా అందదు.

ఎక్కువ పోస్తే నష్టమా?

బి, సి విటమిన్లు చాలావరకు రెట్టలో పోతాయి. ఎ, డి3 ఒంట్లో పేరుకుంటాయి. ఎ మరీ ఎక్కువైతే ఇ, డి పీల్చుకోవడం తగ్గుతుంది. డి3 ఎక్కువైతే మూత్రపిండాల్లో సున్నం పేరుకుంటుంది. దాణాలో ప్రీమిక్స్, నీళ్లలో ఒక టానిక్, స్నేహితుడు చెప్పిన ఇంకో టానిక్ కలిపి నెలంతా నడిపితే ఇవి జరుగుతాయి.

నీళ్లలో ఎలా కలపాలి?

నాలుగు గంటల్లో కోళ్లు తాగేసేంత నీళ్లలోనే కలపండి. మర్నాటికి మిగల్చకండి. తర్వాత నిపుల్ లైన్లు (కోళ్లు నీళ్లు తాగే గొట్టాలు) కడగండి, లేకపోతే చక్కెర, విటమిన్ల జిడ్డు మీద బ్యాక్టీరియా పొర కట్టి, జబ్బు తాగే నీటిలోంచే వస్తుంది.

బర్డ్ ఫ్లూ భయంగా ఉంది. ఏ విటమిన్ ముందుగా ఇవ్వమంటారు?

ఏదీ ఆపదు. 2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాల్లోనే హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ వైరస్ తేలినప్పుడు “ఇమ్యూనిటీ బూస్టర్” పేరుతో ఎన్నో పొడులు అమ్ముడుపోయాయి. ఆ డబ్బు షెడ్డు గేటు దగ్గర కాళ్లు ముంచే క్రిమిసంహారక తొట్టికి, బయటి బండ్లు లోపలికి రాకుండా కంచెకు, పిట్టలు దూరకుండా వలకు పెట్టండి. ఒక్కసారిగా చావులు పెరిగితే కోళ్లను అమ్మకుండా, కాల్వలో పారేయకుండా పశుసంవర్ధక శాఖకు చెప్పండి.

డాక్టర్‌కు చూపించేటప్పుడు ఏం తీసుకురావాలి?

అప్పుడే చనిపోయిన రెండు మూడు కోళ్లను ఒకదానిలో ఒకటి పెట్టిన రెండు సంచుల్లో మూసి, జబ్బుతో ఉన్న రెండింటిని, అర కిలో దాణాను, వాడుతున్న మందుల డబ్బాలన్నీ ఖాళీవైనా సరే తీసుకురండి. దాణా బస్తా మీద తయారైన తేదీ ఫోటో తీయండి. టీకాల తేదీలు, గత పది రోజుల్లో రోజుకు ఎన్ని చనిపోయాయో, ఎంత దాణా తిన్నాయో ఒక కాగితం మీద రాసుకురండి. బర్డ్ ఫ్లూ అనుమానం ఉంటే మాత్రం కోడిని కదిలించకుండా ఫోన్ చేయండి, మేమే వస్తాం.